మూలకు మూల సమానమే, అయినా గది చేట ఆకారం: చెక్క నేల ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా పడకగదికి గట్టి చెక్క పలకలతో నేల వేసుకోవాలనుకుంటున్నాం. కింద దూలాలు, వాటి మీద ప్లైవుడ్ ఉన్నాయి. దూలాలు గదికి అడ్డంగా ఉన్నాయి కాబట్టి పలకలు పొడవునా రావాలి. పలక మందం 18 మి.మీ., వెడల్పు 90 మి.మీ., ఒక అంచున పొడుచుకొచ్చిన నాలుక, రెండో అంచున పక్క పలక నాలుక దూరే గాడి ఉన్నాయి. గోడ దగ్గర కనీసం 12 మి.మీ. ఖాళీ వదలాలని పెట్టె మీద రాసి ఉంది. గది పొడవు రెండు వైపులా 5.10 మీటర్లు. వెడల్పు మాత్రం కిటికీ వైపు 3,620 మి.మీ., తలుపు వైపు 3,648 మి.మీ. వచ్చింది. మా వడ్రంగి మూలకు మూల కొలిచి, రెండూ 6.26 మీటర్లే కాబట్టి గది సరిగ్గానే ఉందని, నా టేపే తప్పని అంటున్నారు. ఎడమ గోడ నుంచి పూర్తి పలకతో మొదలుపెట్టి, తేడా ఏదైనా వస్తే కుడి గోడ దగ్గర బీరువా కిందికి నెట్టేద్దామని మావారి ఆలోచన. తర్వాత ఇవే పలకలు బయటి నడవాకు కూడా వేయాలని ఉంది. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ టేపు తప్పు కాదు. మీ వడ్రంగి కొలత కూడా తప్పు కాదు. ఆ కొలత నుంచి ఆయన తీసిన అర్థమే తప్పు.

మూలకు మూల కొలిచి రెండూ సమానమైతే గది సరిగ్గా ఉన్నట్టే అని పనివాళ్లలో గట్టి నమ్మకం. ఎదురెదురు గోడలు సమానంగా ఉన్నప్పుడు ఆ నమ్మకం నిజమే. మీ గదిలో ఎదురెదురుగా ఉన్న పొట్టి గోడలు సమానంగా లేవు. ఒక చేటను ఊహించుకోండి. వెనక ఇరుకు, ముందు వెడల్పు, రెండు పక్కలూ ఒకేలా విచ్చుకుని ఉంటాయి. దాన్ని కూడా మూలకు మూల కొలిస్తే రెండు కొలతలూ సమానంగానే వస్తాయి. బడిలో దీన్నే సమద్విబాహు ట్రెపీజియం అని చదువుకున్నాం. మీ గది అచ్చం అదే.

నిజానికి వడ్రంగి తీసిన కొలత మీకు పెద్ద మేలే చేసింది. పొడవులు సమానం, మూల కొలతలు సమానం, వెడల్పు మాత్రం తేడా అంటే తప్పు ఏ ఒక్క గోడదో కాదు. మొత్తం 28 మి.మీ. తేడాలో ఎడమ గోడ 14, కుడి గోడ 14 పంచుకున్నాయి. గది నడిమధ్య గీసే గీత కిటికీ గోడకూ తలుపు గోడకూ లంబంగా ఉంటుంది. పలకల చివరలు ఎక్కడా వాలుగా కోయనక్కర్లేదు. మూల కొలతలు కూడా తేడాగా వచ్చి ఉంటే, వంకర ఏ గోడలో ఎంత ఉందో వెతకడానికే ఒక పూట పట్టేది.

ఇక మీవారి ఆలోచన. అది సహజమైన ఆలోచనే. నేను వేసిన మొదటి నేల సరిగ్గా అలాగే వేశాను. తిన్నగా కనిపించిన గోడను నమ్మి, పూర్తి పలకతో మొదలుపెట్టి, వరుసలు చకచకా సాగుతుంటే నా పనితనానికి నేనే మురిసిపోయాను. అవతలి గోడ చేరేసరికి ఒక చివర వేలెడు సందు, రెండో చివర ఏమీ లేదు. అందులో దూర్చిన ముక్క కత్తి మొనలా సన్నబడుతూ వచ్చి చివరి అరమీటరు చీలిపోయింది. దాని మీదికి బీరువా జరిపాను. కొన్నేళ్లకు బీరువా మార్చాల్సి వచ్చినప్పుడు, గదిలోకి వచ్చిన ప్రతి ఒక్కరి చూపూ ముందు ఆ మూలకే వెళ్లేది.

మీ గదిలో అంతకన్నా ఘోరంగా వస్తుంది. లెక్క చూడండి. కిటికీ వైపు 3,620లో రెండు గోడల దగ్గర 12 చొప్పున తీసేస్తే 3,596 మిగులుతుంది. 40 పలకల వెడల్పు 3,600. అంటే నలభయ్యో వరుసను ఆ చివర 4 మి.మీ. చెక్కాలి. తలుపు వైపు 3,648లో 24 తీసేస్తే 3,624. అక్కడ నలభై వరుసలూ పట్టాక ఇంకా 24 మి.మీ. సందు మిగిలిపోతుంది. ఒక చివర పలకే ఎక్కువ, రెండో చివర వేలెడు వెలితి. గోరంత నుంచి వేలెడంత దాకా పెరిగే ఆ చీలికకు మేకు కొడితే చీలుతుంది, జిగురు పెడితే కొన్నాళ్లకు ఊడుతుంది. బీరువా కింద దాచుదామన్నా, అది బీరువా పొడవును దాటి తలుపు దాకా వస్తుంది.

చెక్క నేల పనిలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గది వంకరను నేల సరిచేయలేదు, కంటికి ఆనకుండా పంచగలదు. మన కంటికి మూలల కోణాలు తెలియవు. పలక అంచు పక్కనే గోడ అంచు ఉంటే, ఆ రెండింటి మధ్య దూరం మారుతోందా లేదా అన్నది మాత్రం వెంటనే తెలుస్తుంది. కాబట్టి 28 మి.మీ.ని ఒక్కచోట పోగుపెట్టకుండా నాలుగు చోట్లకు పంచుదాం: రెండు వైపుల చివరి వరుసలు, రెండు వైపుల గోడ ఖాళీలు.

పెట్టె మీద కనీసం 12 అన్నారు. అంతకన్నా ఎక్కువ వదలకూడదని కాదు, దాన్ని కప్పేది ఉంటే చాలు. కిటికీ చివర రెండు వైపులా 12 వదలండి, తలుపు చివర 19 వదలండి. గోడకు 7 చొప్పున 14 మి.మీ. ఇక్కడే మాయమైంది. గోడ అడుగున కొట్టే స్కర్టింగ్ పలక ఒక్కటే 19ని కప్పలేకపోవచ్చు. దాని ముందు సన్నటి చెక్క పట్టీ, అంటే బీడింగ్, కొట్టించుకోండి. బీడింగ్ మేకులు స్కర్టింగ్‌లోకే దిగాలి, నేల పలకలోకి దిగకూడదు. చెక్క తేమకు ఉబ్బుతుంది, పొడికి ముడుచుకుంటుంది, అదీ పొడవులో కన్నా వెడల్పులోనే ఎక్కువ. బీడింగ్‌ను నేలకు కొడితే ఆ కదలికకు చోటు లేకుండా బిగించినట్టు అవుతుంది.

మిగిలిన 14ను రెండు చివరి వరుసలకు సగం సగం ఇద్దాం. కిటికీ వైపు 3,596 అని ముందే చూశాం. తలుపు వైపు 3,648లో 38 తీసేస్తే 3,610. మధ్యలో 39 పూర్తి వరుసలు వేస్తే 3,510 పోతుంది. మిగిలేది ఒక చివర 86, రెండో చివర 100. సగం చేస్తే ప్రతి గోడ పక్కనా 43 నుంచి 50 మి.మీ. దాకా పెరిగే ఒక వరుస వస్తుంది. 5 మీటర్ల పొడవులో 7 మి.మీ. వాలు. పైగా ఎడమా కుడీ ఒకేలా ఉంటాయి కాబట్టి తలుపులో నిలబడి చూసేవారికి అది పట్టుబడదు. వరుస కూడా పలకలో సగానికి అటూ ఇటూగా వచ్చింది, పీలికలా లేదు. గోడ పక్క వరుస 50 మి.మీ.కి తగ్గకపోతే మంచిదని చాలామంది పాటిస్తారు. మీది ఒక చివర కొద్దిగా తగ్గుతోంది. నాకు అది పట్టింపు కాదు, మేకుకు ముందు బెజ్జం వేసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు గీత గీసే పద్ధతి. ముందు స్కర్టింగ్ అంతా ఊడదీసి, వెడల్పులు నేల మట్టానికి మళ్లీ కొలవండి. గోడ అడుగున పూత దళసరిగా ఉండటం మామూలే. నడుము ఎత్తులో కొలిచిన అంకెకూ అడుగున వచ్చే అంకెకూ నాలుగైదు మిల్లీమీటర్లు తేడా వస్తే పై లెక్కంతా మారుతుంది. గోడ మధ్యలో ఉబ్బిందా, లోపలికి పోయిందా అన్నదీ చూడండి. గోడ రెండు చివరలా ఒకే మందం ముక్కలు పెట్టి, వాటి మీదుగా దారం బిగించి లాగి, నడుమ దారానికీ గోడకూ ఎంత సందు ఉందో కొలిస్తే తెలిసిపోతుంది.

కిటికీ గోడ దగ్గర సగం 1,810, తలుపు గోడ దగ్గర సగం 1,824 గుర్తు పెట్టి సుద్దదారం కొట్టండి. 5 మీటర్ల దారాన్ని ఒక్కసారే లాగి వదిలితే గీత పక్కకు పోతుంది. నడుమ ఒకరు వేలితో నొక్కి పట్టుకుని, రెండు సగాలూ విడివిడిగా కొట్టాలి. గీత లంబంగా ఉందో లేదో 3-4-5 లెక్కతో చూసుకోండి: మూల నుంచి ఒక వైపు 3, రెండో వైపు 4 కొలిస్తే, ఆ చివరల మధ్య 5 వస్తేనే అది లంబం. మీ గది సగం వెడల్పుకు 3 మీటర్లు పట్టవు కాబట్టి అన్నీ సగం చేయండి. తలుపు గోడ వెంట 1.5 మీటర్లు, నడిగీత వెంట 2 మీటర్లు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలిస్తే సరిగ్గా 2.5 మీటర్లు రావాలి.

ఈ నడిగీత చూసుకోవడానికి మాత్రమే, పలక అంచు దీని మీద రాదు. 39 బేసి సంఖ్య కదా, నడిగీత ఒక పలక నడుమ నుంచి పోతుంది. పని మొదలుపెట్టే గీత వేరు. ఎడమ గోడ నుంచి కిటికీ చివర 55, తలుపు చివర 69 దగ్గర ఇంకో గీత కొట్టండి. 12కి 43 కలిపితే 55, 19కి 50 కలిపితే 69. మొదటి వరుస నాలుక వైపు అంచు ఈ గీత మీద కూర్చోవాలి. నాలుక గది వైపు, కోసిన అంచు గోడ వైపు. ఈ గీత నడిగీతకు ఎక్కడ కొలిచినా ఒకే దూరంలో, 1,755 మి.మీ.లో ఉండాలి. ఉండకపోతే ఆగి, తప్పెక్కడో వెతకండి. ప్లైవుడ్ మీద గీతను చెరిపేయవచ్చు, కొట్టిన మేకును మాత్రం పలక పాడవకుండా పీకలేం.

మొదటి వరుసకు కావలసిన పలకలన్నీ మేకు కొట్టకుండా ఒకదాని చివర ఒకటి బిగించి పేర్చండి. వెనక అట్టడుగున వరసగా అంకెలు వేయండి. వరుస మొత్తానికీ కలిపి, నాలుక వైపు అంచు నుంచి ఒక చివర 43, రెండో చివర 50 గుర్తు పెట్టి, పలకల మీదే సుద్దదారం కొట్టండి. తర్వాత విడదీసి, ఒక్కొక్కటిగా ఆ గీత వెంట చేతి రంపపు మిషనుతో కోయండి. ఒక్కో పలకకూ విడిగా వాలు లెక్కవేసే పని ఉండదు. గోడలో ఉబ్బు ఉన్న చోట మాత్రం ఆ మేరకు ఇంకాస్త చిత్రిక పట్టి, 12 ఖాళీ తగ్గకుండా చూసుకోండి.

కోయగా మిగిలిన ముక్కలను చూస్తే, గాడి ఉన్న అంచే మిగిలింది కదా, అవతలి గోడ దగ్గర చివరి వరుసకు పనికొస్తాయని ఆశ పుడుతుంది. రంపం తినేది పోగా అవి ఒక చివర 44, రెండో చివర 37 ఉంటాయి. చివరి వరుసకు కావలసింది 43 నుంచి 50. వాలు ఎదురు తిరిగింది. తిప్పి పెడదామంటే గాడి గోడ వైపు పోతుంది. కాబట్టి చివరి వరుసకూ కొత్త పలకలే కావాలి. కొనేటప్పుడు 39 కాదు, 41 వరుసల లెక్క వేయండి: 5.10 చొప్పున సుమారు 209 మీటర్ల పొడవు. దానికి వృథా కింద పది శాతం కలుపుకుంటే 230.

తేమ, మట్టం సంగతి మీకు తెలిసే ఉంటుంది, క్లుప్తంగా చెబుతాను. పలకల కట్టలు ఆ గదిలోనే విప్పి ఉంచాలి. తేమ మీటరుతో చూస్తే, ఇంత వెడల్పు పలకకూ కింది ప్లైవుడ్‌కూ మధ్య తేడా 2 శాతానికి మించకూడదు. 3 మీటర్ల దూరంలో ఎత్తుపల్లాలు 5 మి.మీ. లోపు ఉండాలి. పక్క పక్క వరుసల్లో అతుకులు దగ్గర పడకుండా, కనీసం 200 మి.మీ. ఎడం పాటించండి.

మొదటి వరుస గీత మీద నిలిచిందంటే సగం పని అయినట్టే, అయితే ఆ సగమే జారిపోతుంటుంది. రెండో మూడో వరుసకు మేకు కొడుతున్నప్పుడు ఆ దెబ్బకు మొదటి వరుస గోడ వైపు కదులుతుంది. అందుకని గోడకూ వరుసకూ మధ్య సందుల్లో సరిపడే చెక్క ముక్కలు గట్టిగా దూర్చండి. మొదటి వరుసకు గోడ వైపు అంచున, స్కర్టింగ్ కింద దాగేలా పైనుంచి మేకులు, నాలుక వైపు నుంచి 45 డిగ్రీల వాలున మేకులు కొట్టండి. ఆ తర్వాతి వరుసలకు నాలుకలోంచి మాత్రమే, 150 నుంచి 200 మి.మీ.కు ఒకటి.

గది వంకర లెక్కకు దొరికింది, మనం తెచ్చిపెట్టే వంకర దొరకదు. ఒక చివర సుత్తి దెబ్బ గట్టిగా, ఇంకో చివర మెత్తగా పడిందనుకోండి. వరుసకు 0.2 మి.మీ. సందు కంటికి కనపడదు. 39 వరుసలకు అదే దాదాపు 8 మి.మీ. అవుతుంది. మనం ఇంత శ్రమపడి పంచిన వాలు కన్నా ఎక్కువ. ఐదారు వరుసలకు ఒకసారి రెండు చివరలా నడిగీతకు దూరం కొలవండి. తేడా 1 మి.మీ. ఉంటే తర్వాతి నాలుగైదు వరుసల్లో కొద్దికొద్దిగా సర్దండి. ఒక్క వరుసలో సరిచేయాలని బలంగా కొడితే అక్కడ సందు పడుతుంది, ఆ సందు ఆ ఇంట్లో ఉన్నంతకాలం కనిపిస్తుంది. నడిగీత పలకల కిందికి పోయే ముందు, గది అవతలి సగంలో దానికి సమాంతరంగా ఇంకో గీత కొట్టుకోండి.

చివరి వరుసకు టేపు తీయకండి. కోయాల్సిన పలకను ఆఖరి పూర్తి వరుస మీద, అంచుకు అంచు సరిగ్గా పెట్టండి. ఒక పలక ముక్కకు నాలుక కోసేసి, సరిగ్గా 90 వెడల్పుండేలా చేసుకోండి. గోడకు 12 మి.మీ. ముక్క ఆనించి, దాని పక్కన ఈ 90 ముక్కను ఆనించి, ఇవతలి అంచు వెంట పెన్సిలు పెట్టి లాగండి. తలుపు వైపు పోతున్నకొద్దీ ఆనించే ముక్క మందం 19 దాకా పెంచుతూ పోవాలి. పై పలక మీద పడిన గీతే కోత గీత. గాడి వైపు ముక్క వాడాలి. గోడ ఎక్కడ ఉబ్బినా గీత కూడా అక్కడ ఆ ప్రకారమే వంగుతుంది. చివరి మూడు నాలుగు వరుసలకు మేకుల మిషను పట్టదు, బెజ్జాలు వేసి చేత్తో కొట్టుకోవాలి.

ద్వారబంధం దగ్గర పలకను బంధం ఆకారానికి చెక్కే ప్రయత్నం చేయకండి. ఎంత నేర్పుగా చెక్కినా చూపు అక్కడే ఆగుతుంది. పలక ముక్కను తిరగేసి ద్వారబంధానికి ఆనించి పెట్టి, దాని మీద రంపాన్ని పడుకోబెట్టి బంధం అడుగునే కోసేయండి. పలక దాని కిందికి దూరిపోతుంది.

నడవా విషయంలో నా సలహా మీకు నచ్చకపోవచ్చు. గది నుంచి నడవాలోకి పలకలు తెగకుండా సాగిపోతే అందంగా ఉంటుంది, నిజమే. ఇరుకైన నడవాలో పలకలు గోడకు కాస్త వాలినా పదడుగులు వేసేలోపు తెలిసిపోతుంది. కాబట్టి రెండూ కలపాలంటే గీత నడవాలో మొదలవ్వాలి, అక్కడి గోడలను బట్టి దారం కట్టి, తలుపులోంచి గదిలోకి తీసుకురావాలి. అప్పుడు గదిలో మనం చేసిన సమానమైన పంపకం చెడిపోవచ్చు. పైగా మీరు నడవా పని తర్వాత చేస్తామంటున్నారు. అందుకే తలుపు మూసినప్పుడు రెక్క కిందికి వచ్చేలా ఒక అడ్డపట్టీ వేసి, గదిని అక్కడితో ముగించమంటాను. నడవా వంకరలు నడవావే అవుతాయి. రెండూ కలిసి ఉండాలన్న పట్టుదల ఉంటే మాత్రం, ఇప్పుడే నడవా గోడలు కూడా కొలిచి, దారం ముందు అక్కడ కట్టండి.

ఐమూలగా వేస్తే వంకర కనపడదని ఎవరైనా చెబుతారు. కనపడని మాట నిజమే. నాలుగు గోడల దగ్గరా వాలు కోతలు, వృథా ఎక్కువ, మీకు అంత అవసరం లేదు. గది చుట్టూ వేరే రంగు పట్టీ వేద్దామని చెబితే అసలు ఒప్పుకోకండి. చేట ఆకారానికి అంచు దిద్ది చూపించినట్టు అవుతుంది.

వడ్రంగితో వాదం పెట్టుకోకండి. పని తెలిసిన మనిషే, లేకపోతే మూలకు మూల కొలిచేవారు కాదు. టేపు ఆయన చేతికే ఇచ్చి కిటికీ దగ్గర ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి వెడల్పు పైకి చదవమనండి. రెండో అంకె చదివాక సుద్దదారం ఆయనే అడుగుతారు.